బీదల నిధి తీసి పునాదిలో పోశారు: మన సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ కమిటీ అధ్యక్షులైన అయ్యగారికి, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, భవన నిర్మాణ కమిటీ పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

ఈ సంగతులు ముందు నోటితో చెప్పాం. తర్వాత కాగితం మీద రాసి, కొందరం సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చాం. "ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన జరిగిందో లేదో గానీ జవాబు మాత్రం రాలేదు. సర్వసభ్య సమావేశంలో అడగబోతే టైమ్ అయిపోయిందని మైకు ఇవ్వలేదు. ఆ వెంటనే అరగంట సేపు శాలువాలు కప్పుకోవడానికి మాత్రం టైమ్ దొరికింది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. సంఘం పేరు రాయడం లేదు. పరువు సంగతి అలా ఉంచి, జంటనగరాల్లో ఇది చదివేవాళ్లలో చాలామంది తమ సంఘం గురించే రాశాడనుకుంటారని నా అనుమానం.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్న బాప్తిస్మం తీసుకున్నదీ, నా పెళ్లి జరిగిందీ ఈ గుడిలోనే. కొత్త మందిరం వద్దనే మనిషిని కాను. పాత గుడి పైకప్పు వానాకాలం కారుతోంది, ఆదివారం జనం మెట్ల మీద నిలబడుతున్నారు, నిజమే. పర్మిషన్ల కోసం మీరు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు, అదీ నిజమే. పొగడ్త ఇంతటితో చాలు.

నా బాధ ఏమిటంటే, ప్రతి ఆదివారం "నీవే మా ఆశ్రయం" అని పాడి, సోమవారం కమిటీ గదిలో కూర్చుని మన ఆశ్రయాన్ని డబ్బులోకి, పలుకుబడిలోకి, పేరు చెక్కిన రాళ్లలోకి మారుస్తున్నాం. మనం ఎవర్ని నమ్ముకున్నామో పాటలో తెలియదు, జమాఖర్చుల పుస్తకంలో తెలుస్తుంది. ఆ పుస్తకం తెరిస్తే దెబ్బ తగిలేది ఎవరికో చెబుతాను.

1. బీదల నిధి సంగతి

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల అయ్యాక విడిగా ఒక సంచి తిప్పేవాళ్లం. అందులో పెద్ద నోట్లు పడేవి కావు. పది, ఇరవై, ముసలమ్మల కొంగుముడిలోంచి వచ్చిన చిల్లర. ఆ డబ్బు ఎవరికి వెళ్లిందో అయ్యగారికి, ఇద్దరు పెద్దలకు తప్ప తెలిసేది కాదు. పుచ్చుకున్నవాళ్లు మరుసటి వారం తలెత్తుకునే గుడికి వచ్చేవాళ్లు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక మన గేటుకు తాళం వేశాం. ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న ఈస్టర్, రెండూ ఇళ్లలో ఫోన్ల ముందు కూర్చుని చేసుకున్నాం. భవనం మూతపడినా సంఘం పని ఆగలేదు. స్త్రీల మైత్రి వాళ్లూ, మన యూత్ పిల్లలూ ఆ నిధిలోంచే బియ్యం, పప్పు, నూనె కొని బస్తీల్లో పంచారు. స్టేషన్ చుట్టుపక్కల చిక్కుకుపోయిన వలస కూలీలకు అన్నం పొట్లాలు ఇచ్చారు. వాళ్లు ఏ ఊరివాళ్లో, ఏ దేవుణ్ణి మొక్కుతారో ఎవరూ అడగలేదు. నా ఎరుకలో మన సంఘం నిజంగా దేవుడి మీద ఆనుకుని బతికిన రోజులంటే అవే. రేపు నిధిలో ఎంత మిగులుతుందని అప్పుడు ఎవరూ లెక్క వేయలేదు.

ఆ నిధిని "తాత్కాలికంగా" భవన నిధిలో కలుపుతున్నట్టు రెండు లైన్ల తీర్మానం రాసేశారు. మందిరం పూర్తయ్యాక మళ్లీ మొదలుపెడతారట. జనం ఆకలికీ, జబ్బుకీ కూడా అదే వాయిదా ఇచ్చారా?

"ఆరోగ్యశ్రీ ఉంది కదా" అని మీలో ఒకరు అన్నారు. ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు కూడా. మంచి పనే. కానీ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి గాంధీ ఆస్పత్రికి వెళ్లే మనిషికి ఆటో కిరాయి ఆరోగ్యశ్రీ ఇవ్వదు. తోడు వెళ్లిన భార్యకు ఆ రోజు పోయే కూలి ఇవ్వదు. నెల తిరిగేసరికి ఇంటి కిరాయి కట్టదు. మన నిధి ఆ సందుల్లో పనిచేసేది. ఇప్పుడు ఆ కుటుంబాలు గిరిగిరి వ్యాపారుల దగ్గరికి వెళుతున్నాయి. నూటికి పది రూపాయల వడ్డీ అంటే ఏమిటో, పొద్దున్నే గుమ్మం ముందు బండి ఆగితే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో, కమిటీలో కూర్చున్నవాళ్లలో కొందరికైనా చిన్నప్పుడు తెలిసే ఉంటుంది.

2. చందా బకాయి కడితేనే భూస్థాపన లెటర్

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. ఇంట్లో శవం ఉండగా కొడుకు ఆఫీసుకు వస్తే, పాత చందాలన్నీ కట్టి రసీదు చూపిస్తేనే సమాధుల తోటకు లెటర్ ఇస్తామన్నారు. ఆ కుర్రాడు స్విగ్గీ బండి నడుపుతాడు. నాన్న జబ్బుతో ఉన్న డబ్బంతా అయిపోయింది. పక్కింటి ముస్లిం కుటుంబం అప్పటికప్పుడు డబ్బు సర్దింది. లెటర్ వచ్చింది, భూస్థాపన జరిగింది, అయ్యగారు పునరుత్థానం గురించి చక్కటి వాక్యం చెప్పారు. ఆ ఇంటివాళ్లు మళ్లీ గుడికి రాలేదు. ఎందుకు రావడం లేదని అడగడానికి కూడా మన వాళ్లెవరూ వెళ్లలేదు.

"రూల్ లేకపోతే ఎవరూ చందా కట్టరు" అంటున్నారు. బ్యాంకు అలా అంటే అర్థం చేసుకోవచ్చు, వాళ్లు నడిచేది వసూళ్ల మీదే. మనం నడిచేది దేని మీద? పెండ్లి చాటింపులకూ ఇదే రూలు, పిల్లల బాప్తిస్మానికీ ఇదే రూలు. పైగా బకాయి ఉన్నవాళ్ల పేరు ఓటర్ల జాబితాలో ఉండదు. అంటే రూలు వల్ల నలిగేవాళ్లకు ఆ రూలు మార్చే ఓటు లేదు. ఇది తెలియక జరిగిందంటే నమ్మడం కష్టం.

3. రాళ్లు, సోఫాలు

భవన నిధికి ఇంత ఇస్తే నల్లరాయి మీద పేరు, ఇంకొంత ఇస్తే పాలరాయి మీద, ఆపైన ఇస్తే ఏకంగా స్తంభం మీద అని రేట్ల పట్టిక అచ్చు వేయించి కానుక కవర్లతో పాటు పంచారు. పాలరాయి వాళ్లకు ముందు వరసలో సోఫాలు. అక్కడ ఏళ్ల తరబడి కూర్చున్న పెద్దావిడను, చెవులు సరిగ్గా వినపడవని ముందు కూర్చునే మనిషిని, వెనక్కి వెళ్లమన్నారు. ప్రభువు కానుకపెట్టె దగ్గర కూర్చుని మెచ్చుకున్నది రెండు కాసులు వేసిన విధవరాలిని. మన పట్టికలో ఆమెకు రాయి లేదు.

పెద్ద కట్టడం కట్టడమే తప్పని అనను. మెదక్ మనకు దాదాపు వంద కిలోమీటర్లు. మన సంఘం నుంచి బస్సులు కట్టుకుని వెళ్లి చూసి వచ్చినవాళ్లమే. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ చుట్టుపక్కల కరువు పడి జనం అలమటిస్తుంటే, వాళ్లకు పని కల్పించి తిండి పెట్టడానికి ఆ కట్టడం ఆసరా అయింది. అక్కడ గోడ లేస్తుంటే కడుపులు నిండాయి. మన దగ్గర గోడ లేవడానికి కడుపుల ముందున్నది తీసుకున్నాం. రంగుటద్దాలు చూసి, ఫొటోలు దిగి వచ్చాం గానీ ఈ సంగతి బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదు.

4. ఫిక్స్‌డ్ డిపాజిట్ల ధీమా

బీదల నిధికి డబ్బు లేదన్న కమిటీయే, భవిష్యత్తు భద్రత పేరుతో డిపాజిట్లు పెంచుకుంటూ పోతోంది. ఈమధ్య అందులో కొంత తీసి, ఒకటిన్నర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని ఒక సొసైటీలో పెట్టారని విన్నాం. అవునో కాదో మీరే చెప్పాలి. అవునైతే, ఆ సొసైటీకి డిపాజిట్ బీమా ఉందో లేదో కూడా చెప్పండి. బ్యాంకులకైనా 2020 ఫిబ్రవరి నుంచి ఆ బీమా ఒక్కో బ్యాంకులో ఒక డిపాజిటరుకు 5 లక్షల వరకే.

భద్రత అనే మాట హైదరాబాద్‌లో ఉండి ఇంత ధీమాగా ఎలా అంటున్నారో నాకు అర్థం కాదు. 2004 జూలైలో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద, డబ్బు తీసుకోవడానికి పరిమితి పెడుతూ, మారటోరియం వచ్చినప్పుడు జంటనగరాల్లో జనం ఎంత కంగారు పడ్డారో మీలో చాలామంది చూశారు. మరో బ్యాంకులో కలిపేశారు కాబట్టి ఖాతాదారులు గట్టెక్కారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ లెక్కలన్నీ తప్పుడువని దాని ఛైర్మనే ఉత్తరం రాశాడు. ఆ ముందురోజు దాకా సత్యంలో ఉద్యోగం అంటే పెళ్లి సంబంధాలకు అదే పెద్ద గ్యారంటీ. మన సంఘంలోనే ఆ వారం ఎన్ని ఇళ్లలో ఉపవాస ప్రార్థనలు పెట్టారో గుర్తు చేసుకోండి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ ఇళ్లలో బుధవారం కూడికకు తీరిక ఉండేది కాదు.

"దేవుణ్ణి నమ్మడమంటే పొదుపు వద్దనా? యోసేపు ధాన్యం నిలవ చేయలేదా?" అని ట్రెజరర్ గారు అడిగారు. మంచి ప్రశ్న. యోసేపు ఏడేళ్లు నిలవ చేశాడు. కరువు రాగానే కొట్లు తెరిచాడు. పరాయి దేశం వాళ్లకు, తనను అమ్మేసిన అన్నలకు కూడా ధాన్యం దొరికింది. ఉన్న కొట్లు విప్పి పెద్దవి కట్టించి, ఇక తిని తాగి సుఖపడదామనుకున్నవాడు వేరే ఉన్నాడు, ఆ ఉపమానంలోని ధనవంతుడు. వాడి ప్రాణం ఆ రాత్రే పోయిందని సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. నిలవ చేయడంలో ఇద్దరికీ తేడా లేదు, తెరవడంలో ఉంది. మన డిపాజిట్లు ఎప్పుడు, ఎవరి కోసం తెరుచుకుంటాయో ఏ తీర్మానంలోనూ రాయలేదు. జీతాలకు, రిపేర్లకు ఏడాది ఖర్చు పక్కన పెట్టడం వివేకమే. ఆ పైన ఉన్నదాని గురించి అడుగుతున్నాను.

ఇంకొక మాట. వేరే రాష్ట్రం నుంచి అతిథులు వచ్చినప్పుడు ఆఫీసులో ప్రొజెక్టర్ పెట్టి మందిరం త్రీడీ వీడియో, డిపాజిట్ల వివరాలు, ఆస్తుల జాబితా అన్నీ చూపించారు. సంఘ సభ్యులు అడిగితే చూపించనివి అవి. నాకు హిజ్కియా గుర్తొచ్చాడు. అష్షూరు రాజు బెదిరిస్తూ ఉత్తరం పంపితే దాన్ని తీసుకెళ్లి దేవుని సన్నిధిలో పరిచి మొరపెట్టుకున్న రాజు. తర్వాత కొంతకాలానికి బబులోను నుంచి పలకరింపుకు మనుషులు వస్తే, ఖజానాలో ఏ ఒక్కటీ దాచకుండా వాళ్లకు చూపించుకున్నదీ ఆయనే. ప్రమాదంలో ఉన్నప్పుడు దేవుడి మీద ఆనుకున్నాడు, కుదుటపడ్డాక ఖజానాను చూసుకుని మురిసిపోయాడు. ఇదంతా ఒక రోజు బబులోనుకే పోతుందని యెషయా చెప్పాడు. మనకు లాక్‌డౌన్ మొదటి ఉత్తరం అయితే, ఈ త్రీడీ వీడియో ఏమిటో మీరే ఆలోచించుకోండి.

5. నాయకుల అండ

శంకుస్థాపన నాడు వచ్చిన నాయకుడు మాట్లాడింది చాలాసేపు, ప్రార్థన జరిగింది కొంచెంసేపు. "ఆయన ఉన్నంతవరకు మనకేం భయం లేదు" అని మైకులోనే చెప్పారు. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, మన గేటు మీద ఫ్లెక్సీలో ముఖాలూ మారాయి. మాటలు మాత్రం అవే.

6. కోత పండుగ వేలం

కోత పండుగకు జనం తెచ్చిన కానుకలను వేలం వేస్తాం. గుమ్మడికాయ మీద ఇద్దరు పెద్దమనుషులు పోటీ పడి వేలకు వేలు పాడుకోవడం నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ బస్తీ నుంచి ఒకావిడ తెచ్చిన నాలుగు కోడిగుడ్లు చివర్లో "ఎవరైనా పాడండయ్యా" అని బతిమాలి అమ్మాల్సి వస్తోంది. ఆవిడ ఈ ఏడాది ఏమీ తేలేదు. ఇంతకంటే దీని మీద రాయను.

పెద్దలారా, మీ జవాబు నాకు ముందే తెలుసు. "ఇదంతా దేవుని మందిరం కోసమే కదా." యిర్మీయా రోజుల్లో యెరూషలేము వాళ్లూ ఇదే అనుకున్నారు. మందిరం మన మధ్య ఉంది, మనకేమీ కాదని. పరదేశిని, తండ్రి లేని పిల్లలను, విధవరాళ్లను బాధపెడుతూ ఆ మందిరం గోడల చాటున దాక్కోవద్దని ప్రవక్త గుమ్మంలో నిలబడి అరిచాడు. వినలేదు. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో సొలొమోను కట్టించిన మందిరాన్నే బబులోను వాళ్లు తగలబెట్టారు. మన గర్వానికి సాకుగా మందిరాన్ని వాడుకుంటే ఆ మందిరం కూడా మనల్ని కాయదు.

ఇలా బతకడం కుదురుతుందా అని అడిగేవాళ్లకు దూరం వెళ్లక్కర్లేదు. సువార్తికుడు భక్త్ సింగ్ గారు 2000 సెప్టెంబరులో కన్నుమూసింది మన నగరంలోనే. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆయన సంఘం హెబ్రోనులో జరిగే కూడికలకు వేలమంది వచ్చి రోజుల తరబడి ఉండేవాళ్లు, అందరికీ భోజనాలు పెట్టేవాళ్లు. డబ్బు కావాలని మనుషులను అడగకూడదు, అవసరం దేవునికే చెప్పాలి అన్నది ఆయన పద్ధతి. మనది వేరే సంప్రదాయం, మనం అంతదూరం వెళ్లలేకపోవచ్చు. రేట్ల పట్టిక అచ్చు వేయకుండా ఉండగలం కదా, కనీసం.

కాబట్టి మేము అడుగుతున్నవి:

1. బీదల నిధిని వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి తిరిగి వేరుగా నడపాలి. భవన నిధిలో కలిపిన మొత్తం ఎంతో చెప్పి, వెనక్కి ఇవ్వాలి. పని ఆగితే ఆగనివ్వండి.

2. భూస్థాపన, పెండ్లి, బాప్తిస్మం దగ్గర చందా రసీదు అడిగే రూలును రద్దు చేయాలి. లెటర్ కోసం డబ్బు కట్టించుకున్న ఇంటికి అయ్యగారు, కార్యదర్శి గారు స్వయంగా వెళ్లాలి. డబ్బు తిరిగివ్వడం ఒక్కటే సరిపోదు. ఆ పక్కింటివాళ్లకు కూడా ఒక మాట చెప్పి రావాలి.

3. చందా కట్టలేనివాళ్లకు ఓటు ఉండాలి. కట్టగలిగీ కట్టనివాళ్ల సంగతి వేరు. ఎవరు ఎవరో పెద్దలకు తెలియనిది కాదు.

4. పేర్ల రాళ్లు పెట్టవద్దు. ఇప్పటికే డబ్బు ఇచ్చినవాళ్లను అడిగి చూడండి, రాయి లేకపోయినా పరవాలేదనేవాళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉంటారు. ముందు వరస సోఫాలు తీసి అక్కడ ముసలివాళ్లను, నడవలేనివాళ్లను కూర్చోబెట్టండి.

5. డిపాజిట్లు ఏ బ్యాంకులో, ఏ సొసైటీలో, ఎంత ఉన్నాయో సర్వసభ్య సమావేశంలో చదవాలి. ఏడాది ఖర్చుకు మించి ఉన్నది ఎవరి కోసం, ఎప్పుడు తీయాలో అక్కడే తీర్మానం చేయాలి. అతిథులకు చూపించిన వీడియో మాకూ చూపించండి, అభ్యంతరం లేదు.

6. శంకుస్థాపనలకు, పండుగలకు నాయకులు వస్తే రానివ్వండి. జనంతో పాటు కూర్చుని వాక్యం వింటారు. మైకు ఇవ్వవద్దు.

కోర్టుకు వెళ్లే ఉద్దేశం మాకు లేదు. సంఘాల ఆస్తుల గొడవలు కోర్టుల్లో ఎన్నేళ్లు నలుగుతాయో, చివరికి లాయర్లకు తప్ప ఎవరికీ ఏమీ మిగలదో చూస్తూనే ఉన్నాం. కానుకలు ఆపమని కూడా ఎవరికీ చెప్పం. బీదల నిధి మీరు తెరవకపోతే మాత్రం, సంతకాలు చేసినవాళ్లం మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక గేటు బయట సంచి పట్టుకుని నిలబడతాం. వచ్చినది వచ్చినట్టు డయాలసిస్‌కి వెళ్లే ఇళ్లకు, కిరాయి కట్టలేని ఇళ్లకు చేరుస్తాం. పుచ్చుకున్నవాళ్ల పేర్లు బయటపెట్టం గానీ, లెక్క మీరు అడిగిన రోజే చూపిస్తాం.

ఈసారి జవాబు "ప్రార్థన చేద్దాం" అని ఫోన్లో వద్దు. కాగితం మీద రాసి, కమిటీ ముద్ర వేసి, నోటీసు బోర్డు మీద పెట్టండి.

ప్రభువు సేవలో,
మీ సంఘ సభ్యుడు,
చిలకలగూడ, సికింద్రాబాద్